పదకొండు దగ్గర ఆగే గొంతు

ఇబ్రహీంపట్నం చెరువు దాటాక, రాళ్లగుట్టల నడుమ నుంచి ఆదిభట్ల దిక్కు పోయే బండ్లబాట ఒకటి ఉండేది. పగటిపూట ఆ బాటన గొర్రెల మందలు పోయేవి, కట్టెలకు పోయేవాళ్లు పోయేవారు. పొద్దు గూకిందంటే మాత్రం మనిషి అలికిడి ఉండేది కాదు. కోసెడు దూరం ఎక్కువైనా సరే, అందరూ చెరువు కట్ట మీదుగానే చుట్టి పోయేవారు.

బాట పక్కన ఒక పాడుబడ్డ ఇల్లు ఉంది. మామూలు ఇల్లు కాదు. బడిలా పొడుగ్గా, రెండు వైపులా వరుసగా కిటికీలు, అంత ఇంటికీ ఒకటే పొయ్యి, ఒకటే గాదె. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు దాన్ని అందరిల్లు అనేవారు.

అమాస రాత్రి ఆ ఇంటి వెనక ఒక దీపం నేలకు వంగుతుందట… లేస్తుందట… రెండడుగులు జరిగి మళ్లీ వంగుతుందట. వంగినప్పుడల్లా ఒక ఆడగొంతు లెక్కపెడుతుందట. ఒకటి… రెండు… మూడు…

గట్టి గొంతు కాదు. పక్కలో పిల్ల నిద్రపోతుంటే, లేస్తుందేమోనని తల్లి మెల్లగా మాట్లాడినట్టు ఉంటుందట. పదకొండు దాకా వస్తుంది. అక్కడ ఆగుతుంది. చాలాసేపు ఆగి — మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది.

పన్నెండు అన్న మాట ఎవరూ వినలేదు. విన్నవాడు తిరిగి రాడని చెప్పుకునేవారు.

నిజాం రాజ్యానికి అదే చివరి ఎండాకాలమని అప్పుడు ఎవరికీ తెలియదు. రోహిణి కార్తె. అమాస. కొండల్ అనే రైతు ఆ రాత్రి ఆ బాటనే పోవలసి వచ్చింది. బండిలో అతని పదేళ్ల కూతురు బుచ్చి నిద్రపోతోంది.

కొండల్ తన అక్క యాదమ్మ ఊళ్లో, దేవరకొండ దిక్కున ఉండేవాడు. ఆ ఏడు రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు. పక్క ఊరు తగలబడ్డ మర్నాడు యాదమ్మ ఇంకేం ఆలోచించలేదు. రెండు మూటలు కట్టి బండిలో పెట్టింది. పట్నంలో తన మరిది ఉన్నాడు, పిల్లను తీసుకుని అక్కడికి పొమ్మంది. ఆ ఎండకు పగలు ఎడ్లు నడవవు కనుక రాత్రి ప్రయాణం. అమాస కదా అని ఒక మాట అన్నది గానీ, తగలబడ్డ ఊరు గుర్తొచ్చి తనే ఊరుకుంది.

యాచారం దాటాక ఒక కుంట దగ్గర ఎడ్లకు నీళ్లు తాపుతుంటే, ఎదురుగా ఉప్పు బండి ఒకటి వచ్చి ఆగింది. తోలుతున్న ముసలాయన పేరు జంగా. చెరువు కట్ట మీద రజాకార్లు డేరాలు వేసుకుని ఉన్నారనీ, వచ్చిన ప్రతి బండినీ ఆపి ఎడ్లను విప్పుకుంటున్నారనీ, తన జోడు మరీ ముసలిది కాబట్టి తిట్టి వదిలేశారనీ చెప్పాడు.

మరి ఎటు నుంచి పోవాలని కొండల్ అడిగాడు.

"అందరిల్లు బాట ఉన్నది గద."

కొండల్ చేతిలో చేద ఆగిపోయింది.

అది చూసి జంగా నవ్వాడు. "ఎందుకు గట్ల బిగుసుకపోతవ్? దెయ్యానికి నీ ఎడ్లు అక్కర్లేదు, నీ బండి అక్కర్లేదు. కట్ట మీదోళ్లకు రెండూ కావాలె."

నవ్వుతూనే బండిలోకి తొంగిచూశాడు. గొంగట్లో ముడుచుకుని పడుకున్న పిల్ల కనబడగానే అతని నవ్వు పోయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పిల్లున్నదా… ముసుగు కప్పు. ఆ ఇంటి కాడ పేరు వెట్టి పిలువకు. అది పిల్లల లెక్క చూస్తదంటరు. పన్నెండు మంది ఉండాలెనట దానికి. ఒకటి తక్కువున్నదని తిరుగుతదట."

కొండల్ చేదను బండిలో పెట్టాడు. ఎడ్లను కట్టాడు. పిల్లకు ముసుగు కప్పాడు.

ఆ తక్కువైన ఒకటి ఎవరో అతనికి తెలుసు. ఎనిమిదేళ్ల కింద ఆ ఇంట్లోంచి, ఆ లెక్కలోంచి, ఒక పిల్లను రాత్రికి రాత్రి ఎత్తుకుపోయింది తనే. ఆ పిల్లే ఇప్పుడు తన బండిలో నిద్రపోతోంది.

ఆ ఇల్లు కట్టింది ఒక జర్మన్ దొర. అసలు పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఎండిన జొన్నకర్రలా ఉండేవాడు, చెప్పులు లేకుండా నడిచేవాడు, తెలుగు నేర్చుకుని మరీ మాట్లాడేవాడు. పొద్దుగూకాక అందరినీ కూర్చోబెట్టి తన తాత కథ చెప్పేవాడు. తాతది జర్మనీలో ఒక పల్లె అట. అక్కడి రాజుతోనూ, పాదిరీలతోనూ పడక మూడువందల కుటుంబాలు ఓడెక్కి అమెరికా అడవుల్లోకి పోయాయట. చెట్లు నరికారు, ఊరు కట్టారు. ఆ ఊళ్లో ఎవరికీ సొంత పొలం లేదు, సొంత పొయ్యి లేదు, తలుపుకు తాళం లేదు. గంట కొడితే అందరూ లేచేవారు, గంట కొడితే అందరూ ఒక్కచోట తినేవారు. చచ్చిపోయినవాళ్లను ఒకే కొలత గుంటల్లో, ఒకే వరుసలో పూడ్చేవారు. రాయి పెట్టేవారు కాదు, పేరు రాసేవారు కాదు. బతికినన్నాళ్లు సమానంగా ఉన్నవాళ్లకు మట్టిలో మాత్రం ఎక్కువ తక్కువలెందుకని.

ఆ ఊరు ఇప్పుడెట్లా ఉందని ఎవరో అడిగితే, తమవాళ్లు తర్వాత్తర్వాత పెళ్లిళ్లు కూడా మానుకున్నారనీ, పిల్లలు లేక ఊరు ముసలిదై ఖాళీ అయిందనీ చెప్పాడు. మనం పిల్లలతోనే మొదలుపెడదాం అన్నాడు.

దేశ్‌ముఖ్‌ల వెట్టికి తాళలేక పారిపోయి వచ్చిన పదిహేను కుటుంబాలు ఆ రాళ్లలో అతనితో చేరాయి. భూమి అందరిది, ఎడ్లు అందరివి, గాదె అందరిది. ఇబ్రహీంపట్నం వాళ్లు సంతలో వీళ్లను చూసి వేళాకోళం చేసేవారు. అత్తా కోడలూ ఒకే పొయ్యి మీద వండుకుంటారట, వీళ్లను గెలవడం నైజాం సర్కారు వల్ల కూడా కాదు అనేవారు. నవ్వితే నవ్వారు. వెట్టి లేదు, ఆకలి లేదు. కొండల్‌కు, అతని భార్య స్వరాజ్యానికి అది చాలనిపించింది.

పిల్లల సంగతే కష్టంగా ఉండేది. పాలు విడిచిన పిల్లను పిల్లల గదికి ఇచ్చెయ్యాలి. అక్కడ అందరికీ ఒకే రకం అంగీ, అందరికీ జుట్టు దగ్గరికి కత్తిరింపు. ఏడేళ్లు వచ్చినప్పుడు అందరూ కలిసి పేరు పెడతారు. అప్పటిదాకా ప్రతి పిల్లా బిడ్డే, ప్రతి ఆడమనిషీ అమ్మే. నా బిడ్డ అన్న మాట ఆ ఇంట్లో అనకూడదు. రాత్రిపూట గదిలో ఉండేది ఆ వారం వంతు వచ్చిన ఒక్క తల్లే. తక్కినవాళ్లు గడప దాటకూడదు.

స్వరాజ్యం కాన్పైన మూడో నెలలోనే జ్వరంతో పోయింది. తల్లి లేని పిల్ల అప్పుడే పిల్లల గదికి పోయింది. కొండల్ పని సున్నపురాయి బండి తోలడం. పట్నం పోయి రావడానికి వారం పట్టేది. వచ్చినప్పుడు, భోజనాల దగ్గర అవతలి వరుసలో ఒకేలా కత్తిరించిన పన్నెండు తలలు కనబడేవి. తనది ఏదో పోల్చుకునేలోపే గంట కొట్టేవారు. తెల్లవారుజామున బండి కడుతూ కిటికీలోంచి తొంగిచూసేవాడు. తలుపు నుంచి నాలుగో జాగా. కిటికీ కింద. ఆ రోజుల్లో అక్కడ పడుకున్నది తన బిడ్డ.

ఒక ఎండాకాలం అతను పట్నం నుంచి రాత్రివేళ తిరిగి వచ్చేసరికి కలరా గత్తర వచ్చి ఉంది.

వాకిట్లోనే మనుషులు పడి ఉన్నారు. వాంతుల వాసన. దొర ఒక్కడే ఉప్పునీళ్ల ముంత పట్టుకుని ఒకరి నుంచి ఒకరి దగ్గరికి పోతున్నాడు. అందరిదీ ఒకే కుండ, అందరూ ముంచుకు తాగింది ఒకే నీళ్లు. ఇంటికంతటికీ ఒక్కసారే వచ్చింది.

పిల్లల గది చీకటిగా ఉంది. తాళం ఎలాగూ ఉండదు. కొండల్ లోపలికి పోయి గోడ పట్టుకుని తడుముకుంటూ నడిచాడు. ఒకటి… రెండు… మూడు… నాలుగు. పిల్లను ఎత్తి గొంగట్లో చుట్టుకున్నాడు. ఎవరితోనూ చెప్పలేదు. బండినీ ఎడ్లనూ బాట మీదే వదిలి, గుట్టల్లో పడి తెల్లారేదాకా నడిచాడు.

తర్వాత కబురు తెలిసింది. పిల్లల గదిలో ఒక్కరూ మిగలలేదట. దొరా పోయాడట. బతికినవాళ్లు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారట. కొండల్ విని, పిల్లను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. బుచ్చి అని పేరు పెట్టుకున్నాడు. ఎనిమిదేళ్లు ఇబ్రహీంపట్నం దిక్కు ముఖం తిప్పలేదు. పిల్లకు చిన్న దగ్గు వచ్చినా రాత్రంతా కూర్చునేవాడు. గుమ్మం దాటితే వెనకే పోయేవాడు. ఇంత చాదస్తం తల్లులకు కూడా ఉండదని యాదమ్మ విసుక్కునేది.

ఆ ఇల్లు ఎప్పటికైనా తన పిల్లను తిరిగి అడుగుతుందని అతని భయం. ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడు ఎడ్లు తమంతట తామే ఆ ఇంటివైపు నడుస్తున్నాయి.

చుక్కల వెలుగులో గుట్టలు నల్లగా కూర్చున్నాయి. గాలి లేదు. ఎడ్ల మెడల్లో గంటలను కొండల్ ముందే గుడ్డతో కట్టేశాడు. అయినా బండి చక్రం ప్రతి రాయి మీదా ఒక మూలుగు మూలుగుతోంది. ఇల్లు కుడివైపున కనబడింది — పైకప్పు సగం కూలి, కిటికీలన్నీ తెరుచుకుని…

అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. తలుపు నుంచి లెక్కపెట్టుకుంటూ పోయి ఒక కిటికీ దగ్గర అతని చూపు ఆగింది.

అప్పుడే కుడి చక్రం పక్కకు ఒరిగింది. ఎడ్లు నిలబడిపోయాయి.

దిగి తడిమి చూశాడు. చక్రం జారకుండా ఇరుసు కొసన కొట్టిన చీల లేదు. దారిలో ఎక్కడో రాలిపోయింది. అది లేకుండా పది బారలు పోయినా చక్రం ఊడి బండి తిరగబడుతుంది. కొండల్ మోకాళ్ల మీద కూర్చుని బాటంతా చేతులతో వెతకడం మొదలుపెట్టాడు. రాళ్లు, ముళ్లు, వేడి దుమ్ము… చీల లేదు.

ఇంటి వెనక వెలుతురు కదిలింది.

అతను అట్లాగే వంగి ఉండిపోయాడు.

దీపం నేలకు దిగింది… లేచింది…

"ఒకటి."

రెండడుగులు జరిగింది. దిగింది.

"రెండు…"

గొంతు జనం చెప్పినట్టే ఉంది. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టుగా. మూడు… నాలుగు… కొండల్ బండి దగ్గరికి పాక్కుంటూ పోయాడు. ముసుగు మీంచి పిల్ల నోటి దగ్గర చెయ్యి పెట్టాడు. ఊపిరి తగిలింది. ఏడు… ఎనిమిది… పిల్లను ఎత్తుకుని పరుగెత్తాలనుకున్నాడు. ఒకసారి అట్లాగే పరుగెత్తాడు. మళ్లీ ఎటు పరుగెత్తాలి?

"పది… పదకొండు…"

ఆగింది.

ఎంతసేపు ఆగిందో తెలియదు. ఒక ఎద్దు తోక ఆడించింది.

బండిలో బుచ్చి దగ్గింది. నిద్రలోనే, చిన్నగా, ఒక్కసారి.

దీపం గిర్రున ఇటు తిరిగింది. నిలబడి చూసింది. తర్వాత కదిలింది — బండి వైపే.

దెయ్యానికి అడుగుల చప్పుడు ఉండదంటారు. దీనికి ఉంది. ఎండుటాకులు నలుగుతున్నాయి. నాలుగడుగులకు ఒకసారి ఆయాసంతో ఆగుతోంది. కొండల్ బండికి వీపు ఆనించి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"ఎవలది బండి?"

కందిలి దీపం కిందికి వంగి చక్రాన్ని చూసింది.

"చీల పడిపోయిందా… ఉండు."

మాట అంత మామూలుగా ఉండేసరికి అతను చాపిన చేతులు దించాడు. ఆమె కందిలి అక్కడే పెట్టి ఇంటివైపు పోయి, తుప్పుపట్టిన కిటికీ చువ్వ ముక్క ఒకటి తెచ్చింది. అతని చేతికిచ్చింది. ఇనుము చల్లగా తగలలేదు, ఆమె పట్టుకున్నచోట వెచ్చగా ఉంది. బతికున్న మనిషి చెయ్యి.

చువ్వ బిగించడానికి ఆమె వెలుతురు పట్టింది. అప్పుడు పోల్చుకున్నాడు. రేణుకమ్మ. దొర దగ్గర కుడిభుజంగా ఉండిన లింగస్వామి భార్య. నలభై ఏళ్లు కూడా ఉండవు, జుట్టంతా తెల్లబడింది.

ఆమె కూడా పోల్చుకుంది. "కొండల్‌వా నువ్వు… పట్నం తొవ్వల నువ్వు గూడ పోయినవనుకున్నం."

తర్వాత ఆమె చెప్పిందంతా గుసగుసగానే చెప్పింది, బండిలో పిల్ల దగ్గు విన్నది కనుక. అతను మళ్లీ పెళ్లాడితే పుట్టిన పిల్ల అనుకున్నట్టుంది. ఇబ్రహీంపట్నంలో వడ్లు దంచి బతుకుతోందట. ప్రతి అమాసకూ చీకటి పడ్డాక ఇక్కడికి వస్తుందట. ఆ గత్తర రాత్రే తనకూ వచ్చిందట. ఆరు రోజులు ఒంటి మీద తెలివి లేదు. లేచేసరికి పిల్లలందరినీ పూడ్చేశారు. పూడ్చింది లింగస్వామే. తన చేతులతోనే, దొర చెప్పిన కొలతన, ఒక్క వరుసన, ఒక గుర్తు పెట్టకుండా. మన బిడ్డ ఏదని అడుగుదామంటే, అప్పటికి అతనూ పోయాడు.

"ఏది నాదో తెల్వదు తమ్మి. గందుకే అన్నిటికి పెడ్త." కొంగు ముడిలో జొన్న పేలాలున్నాయి. ఒక్కో దిబ్బ దగ్గరా ఒక్కో పిడికెడు. "ఎన్నిసార్లు లెక్కవెట్టినా పదకొండే. ఎవల బిడ్డనో ఒకటి బతికి బయటవడ్డది."

కొండల్ చువ్వను రాయితో కొడుతున్నాడు. రాయి చేతి మీద పడింది. నొప్పి తెలియలేదు.

"నాదే కావాలె అని మొక్కబుద్ధయితది. కాని మొక్కను. గట్ల మొక్కితే ఇంకొకామె బిడ్డను మట్టిల ఉండుమన్నట్టె గద."

జనం దెయ్యమంటున్నారు కదా అని అతను ఎట్లాగో అన్నాడు. అననియ్యి, అంది. దెయ్యం ఉందనే ఇన్నేళ్లూ ఆ దిబ్బల మీద ఎవరూ నాగలి పెట్టలేదు. భయం పోయిన రోజున దున్నేస్తారు.

చక్రం బిగిసింది. కొండల్ లేచాడు. పోవాలి, తెల్లారేలోగా ఆదిభట్ల దాటాలి అన్నాడు. ఆమె తల ఊపింది గానీ కదల్లేదు.

"నీకు ఒకటి చెప్పాలె తమ్మి. ఎనిమిదేండ్ల సంది ఎవలికి చెప్పలె. నువ్వు కనవడ్డవ్, చెప్తున్న. ఆ వారం పిల్లల కాడ వంతు నాది. అమాస గద… జాగలు మార్చాలె. ఉక్కవోస్తున్నది. నా బిడ్డకు గాలి తగులుతదని, కిటికి కింద నాలుగో జాగల దాన్ని పండవెట్టిన. ఆ జాగల నీ బిడ్డ ఉండె. దాన్ని లేపి… గోడ మూలకు పండవెట్టిన. తల్లి లేని పిల్లను. నా బిడ్డ అని చూసుకున్న సూడు, గందుకే నాకిట్లయింది. నన్ను తిట్టుకోకు."

కొండల్ బండెక్కాడు.

అమాసకు జాగాలు మారుస్తారని అతనికి తెలుసు. ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఏ పిల్లా ఇది నా జాగా అనకూడదని దొర పెట్టిన పద్ధతి అది. ఆ రాత్రి, ఆ వాసనలో, ఆ చీకట్లో, అతనికి గుర్తు రాలేదు. అంతే.

చర్నాకోల తీసుకున్నాడు. పిల్ల ముసుగు జారి ఉంది. కందిలి వెలుతురు దూరంగా, పల్చగా ఆ ముఖం మీద పడుతోంది. నిద్రలో కూడా ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేపి ఉంటుంది బుచ్చి. కింద నిలబడి ఉన్న మనిషి కనుబొమ్మ వైపు చూశాడు. మళ్లీ పిల్లను చూశాడు.

ఎనిమిదేళ్ల కిందటి ఆ తెల్లారి, గుట్టల మీద, మొదటి వెలుతురులో గొంగడి విప్పి చూసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, ఎన్నడూ మరిచింది లేదు. స్వరాజ్యం బతికుండగా పసిగుడ్డు చెవి వెనక నల్లటి మచ్చ చూపించి మురిసిపోయేది. ఆ తెల్లారి ఆ చెవి వెనక చూశాడు. మచ్చ లేదు. పిల్లలు పెరుగుతుంటే మచ్చలు పోతాయేమో అనుకున్నాడు. రెండో చెవి చూడలేదు. మళ్లీ ఎన్నడూ ఆ పిల్ల చెవి వెనక అతను చూడలేదు. జడ అక్క వేసేది.

ఇన్నేళ్లూ ఆ ఇల్లు పిల్లను అడుగుతుందని భయపడ్డాడు. అడిగితే ఏ ముఖం పెట్టుకుని ఇవ్వను అనాలో తెలియక భయపడ్డాడు. ఇప్పుడు ఎవరూ అడగలేదు. చచ్చినవాళ్లు అడగలేదు. బతికున్న ఈ మనిషి తిట్టుకోవద్దని తననే బతిమాలుతోంది.

ఒక్క దెబ్బ వేస్తే ఎడ్లు కదులుతాయి. పట్నం పోతే ఇక ఎవరికీ తెలియదు. ఈమె ప్రతి అమాసకూ వచ్చి, పదకొండు దిబ్బలకూ పేలాలు పెట్టి, లెక్క సరిచూసుకుని పోతూ ఉంటుంది — చచ్చేదాకా.

చర్నాకోల పక్కన పెట్టాడు. దిగాడు.

"రేణుకక్కా…"

ఆమె ఇంటివైపు తిరిగి పోతోంది. ఆగింది.

"ఆ రాత్రి నేనొచ్చిన. చీకట్ల తడుముకుంట పోయిన. నాలుగో జాగల పిల్లను… నేనెత్తుకపోయిన."

కందిలి గాజు లోపల వత్తి పైకి కిందికి ఊగింది. తర్వాత ఆమె అతని పక్కనుంచి, అతన్ని తాకుతూ, బండి దగ్గరికి పోయింది.

కొండల్ వెనక్కి తిరగలేదు. తిరిగితే బండి ఖాళీగా కనబడుతుందేమో… ఆమె ముఖం కనబడుతుందేమో… ఏది ఎక్కువ భయమో తెలియలేదు. వెనక ఏ చప్పుడూ లేదు. గొంగడి సర్దిన చప్పుడు మాత్రం వినబడింది. ఎద్దు ఒకటి నిట్టూర్చింది.

ఆమె తిరిగి వచ్చింది. చాలాసేపటికి వచ్చింది.

"పండుకున్నది," అంది. "లేపకు. పొద్దుగాల లేస్తది గద… అప్పుడు ఇద్దరం చెప్తం."

కొంగు ముడి విప్పింది. పేలాలు మొత్తం అతని చేతుల్లో పోసింది. కందిలి అతని మోచేతికి తగిలించింది.

"మూలకున్న పిల్లను మా ఆయన ఎన్నోదిగ పెట్టిండో నాకు తెల్వదు తమ్మి. అన్నిటికి వెట్టు."

కొండల్ ఇంటి వెనక్కి నడిచాడు. పదకొండు దిబ్బలు. ఒకే కొలత, ఒకే ఎడం, ఒకదానికీ ఇంకొకదానికీ తేడా లేదు. ఎనిమిదేళ్ల వానలకు కూడా సమానంగానే అరిగాయి. మొదటిదాని దగ్గర కూర్చున్నాడు. పిడికెడు పేలాలు పెట్టి, పైన అరచెయ్యి ఆనించాడు.

రోహిణి ఎండకు కాగిన మట్టి ఇంకా చల్లారలేదు. పండుకున్న పిల్ల వీపులా వెచ్చగా ఉంది. రెండోదాని మీద చెయ్యి పెట్టాడు. అదీ అంతే వెచ్చగా ఉంది.